నీటిరంగ ఇంజినీర్లకు సాఫ్ట్ స్కిల్స్ ఎక్కడ నేర్పాలి, ఎలా నేర్పాలి?

సివిల్ అధ్యాపకుడు (చర్చ ప్రారంభం; ప్రతి సందేశం పైనా రాసిన సభ్యుడి మారుపేరు ఉంది)

సభ్యులందరికీ నమస్కారం. నేను కోస్తా ఆంధ్రలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో హైడ్రాలజీ, ఇరిగేషన్ ఇంజినీరింగ్ బోధిస్తున్నాను. నాలుగో సంవత్సరం విద్యార్థుల కోసం నీటి నిర్వహణపై ఒక ఐచ్ఛిక పాఠ్యాంశాన్ని తయారుచేసే బాధ్యత మా విభాగం నాకు అప్పగించింది. మా విద్యార్థులు మ్యానింగ్ సూత్రంతో కాలువ కొలతలు తేల్చగలరు, వానకు వచ్చే ప్రవాహాన్ని చూపే యూనిట్ హైడ్రోగ్రాఫ్ గీయగలరు. అయితే అదే కాలువ కింద రైతుల సమావేశంలో లేచి నిలబడి, ఈ తడికి నీరు ఇన్ని రోజులే వస్తుందనీ, అందుకు కారణం ఇదనీ చెప్పవలసి వస్తే మాత్రం వారిలో ఎక్కువమందికి నోరు పెగలదు.

సాఫ్ట్ స్కిల్స్ పేరుతో దాదాపు ప్రతి కళాశాలలోనూ ఒక ల్యాబ్ ఉంది. అందులో నేర్పేది ఇంగ్లీషు ఉచ్చారణ, రెజ్యూమె తయారీ, గ్రూప్ డిస్కషన్. అది ప్రాంగణ నియామకాలకు పనికివస్తుంది, కాదనను. కానీ గ్రూప్ డిస్కషన్‌లో అందరికంటే ముందుగా, ఎక్కువసేపు మాట్లాడినవారికి మంచి మార్కులు వస్తాయి. రైతుల సమావేశానికి వెళ్లే ఇంజినీరుకు కావలసిన అలవాటు దీనికి పూర్తిగా వ్యతిరేకమైనది.

మన దేశం 2014లో, ఇంజినీరింగ్ డిగ్రీలను దేశాలు పరస్పరం గుర్తించుకునే వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యత్వం పొందింది. ఎన్‌బీఏ (జాతీయ అక్రెడిటేషన్ బోర్డు) గుర్తింపు కోరే కళాశాలలు విద్యార్థికి బృందంలో పనిచేయడం, భావాన్ని స్పష్టంగా చెప్పడం, వృత్తినీతి, సమాజం పట్ల బాధ్యత వంటి లక్షణాలు అలవడ్డాయని చూపవలసి ఉంటుంది. ఆచరణలో ఇవన్నీ కోర్సు ఫైలులోని పట్టికలో 1, 2, 3 అనే అంకెలుగా మిగిలిపోతున్నాయన్న సంగతి అధ్యాపకులందరికీ తెలుసు.

ఈ రంగంలో పనిచేసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. నీటి శాఖలో అడుగుపెట్టే యువ ఇంజినీరుకు మనుషులతో మెలిగే విద్యలో ముందుగా ఏది నేర్పాలి? ఎవరు నేర్పాలి? నేర్చుకున్నాడని ఎలా తేల్చాలి?

ఎడమ కాలువ

అధ్యాపకుల వారికి నమస్కారం. నేను నీటిపారుదల శాఖలో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి, ఈఈగా (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా) పదవీ విరమణ చేశాను. ఉద్యోగంలో ఎక్కువ భాగం నాగార్జునసాగర్ ఎడమ కాలువ మీదే గడిచింది. నా అనుభవంలో అన్నిటికంటే ముందు నేర్పవలసింది లెక్కను రైతు కొలతలోకి మార్చి చెప్పడం.

ఒక సంఘటన చెబుతాను. ఒక మేజర్ కాలువ కింది గ్రామంలో సమావేశం జరిగింది. కొత్తగా చేరిన ఏఈ ఎంతో శ్రద్ధగా కాగితాలు తయారు చేసుకుని వచ్చి, హెడ్ రెగ్యులేటర్ (కాలువ తల దగ్గరి గేట్లు) దగ్గర 120 క్యూసెక్కులు వదులుతున్నామనీ, ప్రవాహ నష్టాలు పోను ఇంత మిగులుతుందనీ వివరించాడు. వచ్చినవారెవరూ మాట్లాడలేదు. అర్థమైందనుకుని అతడు కాగితాలు మడుస్తుండగా, వెనక నిలబడి ఉన్న లస్కరు, అంటే కాలువ గేట్లు చూసే కింది స్థాయి ఉద్యోగి, ముందుకు వచ్చి, ‘మన వంతెన దగ్గరి స్కేలు మీద రెండున్నర అడుగులు నిలబడితే మీ తూము నోరు మునుగుతుంది. ఆ మట్టం ఆరు రోజులు ఉంటుంది. ఆ తర్వాత ఎనిమిది రోజులు బంద్’ అని చెప్పాడు. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. మా వరి పొట్ట దశలో ఉంది, ఎనిమిది రోజులు ఆగదు, ముందు మా వైపు ఇవ్వండి అని ఒకరు, మా పొలం మెరక, రెండున్నర అడుగులకు నీళ్లు ఎక్కవు అని మరొకరు లేచారు. సమావేశం అసలు ప్రారంభమైంది అక్కడే.

ఒక క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. అది రోజంతా పారితే 86,400 ఘనపుటడుగులు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు కాబట్టి, నష్టాలు లెక్కలోకి తీసుకోకపోతే అది దాదాపు రెండు ఎకరాలకు అడుగు లోతు, లేదా ఇరవై నాలుగు ఎకరాలకు అంగుళం లోతు నీరు. ఈ లెక్క తెలియని సివిల్ విద్యార్థి ఉండడు. కానీ దాన్ని ఎదుటివాడి పొలం మీదికి తెచ్చి చెప్పడం పరీక్షలో ఎవరూ అడగరు. మీరు అడగండి.

మరొక మాట. మనుషులతో మెలిగే నేర్పు సాంకేతిక జ్ఞానానికి బదులు కాదు. స్కేలు మీది మట్టానికి ప్రవాహమెంతో తేల్చలేని ఇంజినీరు ఎంత మర్యాదగా మాట్లాడినా రైతు రెండోసారి నమ్మడు.

ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ

నేను గ్రామీణ నీటి సరఫరా విభాగంలో పనిచేస్తున్నాను. ఎడమ కాలువ గారు చెప్పినదానికి తాగునీటి వైపు నుంచి కొంత చేరుస్తాను.

మా దగ్గర తరచూ వచ్చే సమస్య క్లోరిన్ వాసన. నీళ్లలో మందు కలిపారని ఇళ్లలో పెద్దవాళ్లు ఆ నీళ్లు తాగరు, పిల్లలకు ఇవ్వరు. నాలుగు ఇళ్లవాళ్లు వచ్చి గట్టిగా అడగగానే పంపు ఆపరేటరు బ్లీచింగ్ పౌడర్ తగ్గిస్తాడు, కొన్నాళ్లకు మానేస్తాడు. రిజిస్టరులో మాత్రం రోజూ వేసినట్టే ఉంటుంది. అతడిని మందలిస్తే రిజిస్టరు ఇంకా చక్కగా నింపుతాడు తప్ప నీరు మారదు.

ఒక ఊళ్లో నేను నీటిలో క్లోరిన్ కొలిచే క్లోరోస్కోప్ తీసుకుని నేరుగా వీధి చివరి కుళాయి దగ్గరికి వెళ్లాను. గొట్టంలో నీళ్లు పట్టి, రెండు చుక్కల ద్రావణం వేసి, పసుపు రంగు వస్తుందేమో చూడమని అక్కడి ఆడవాళ్ల చేతికే ఇచ్చాను. రంగు రాలేదు. అదే పరీక్ష ట్యాంకు దగ్గరి కుళాయిలో చేస్తే లేత పసుపు వచ్చింది. ట్యాంకు దగ్గర ఉన్న మందు తమ వీధికి చేరేలోపే అయిపోతోందని, కాబట్టి తమ నీళ్లకు రక్షణ లేదని వాళ్లే తేల్చారు. లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ చివరి కుళాయిలో మిగలాలన్న నిబంధన నేను చెప్పింది ఆ తర్వాతే. మరుసటి వారం ఆపరేటరు మీద వచ్చిన ఫిర్యాదు వాసన గురించి కాదు, తమ వీధికి మందు అందడం లేదని.

ఇంటింటికీ కుళాయి నీరు ఇచ్చే కేంద్ర పథకమైన జల్ జీవన్ మిషన్‌లో ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు ఫీల్డ్ టెస్ట్ కిట్‌తో నీటి పరీక్ష నేర్పాలని, గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగానికి తగ్గకుండా మహిళలు ఉండాలని ఉంది. కమిటీ సమావేశాన్ని పగలు పదకొండు గంటలకు పెడితే కూలికి వెళ్లే మహిళ ఎలా వస్తుంది? సంతకాల పుస్తకం మాత్రం ఇంటికి వెళుతుంది. సమావేశానికి వేళ నిర్ణయించడం కూడా ఇంజినీరు నేర్చుకోవలసిన విద్యే. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

బోరుబావి లెక్కలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఎఫ్‌ఏవో తోడ్పాటుతో నడిచిన రైతుల భూగర్భజల నిర్వహణ పథకం, అంటే ఏపీఫామ్స్‌లో నేను క్షేత్రస్థాయిలో పనిచేశాను. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ అనే ఏడు కరువు జిల్లాల్లోని వందలాది గ్రామాల్లో అది జరిగింది. మీ ప్రశ్నకు అందులో నేరుగా జవాబు ఉందని నా నమ్మకం.

అక్కడ రైతులే వర్షమాపకం చూసి వాన లెక్క రాసేవారు. పదిహేను రోజులకొకసారి పరిశీలన బావుల్లోకి టేపు వదిలి మట్టం కొలిచేవారు. టేపు కొస నీటిని తాకగానే పైన బీప్‌మని శబ్దం వస్తుంది. ఆ శబ్దం వినడానికి బావి చుట్టూ పిల్లలు చేరేవారు. చదువు రానివారు కూడా ఆ అంకెను గుర్తుపెట్టుకుని, పోయిన పక్షం కంటే ఎంత దిగిందో చెప్పేవారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఆ ఖరీఫ్ వానకు భూమిలోకి ఇంకిన నీరెంతో, వేయాలనుకుంటున్న పంటలకు కావలసిన నీరెంతో పక్కపక్కన పెట్టి చూసుకునేవారు. రాయితీలు ఇచ్చి ఆకర్షించడం లేదు, ఫలానా పంట వేయవద్దని ఆజ్ఞాపించడం అంతకన్నా లేదు. లెక్క చూసి నిర్ణయం తీసుకోవడం ఎవరికి వారిదే.

ఇందులో మాలాంటివారికి అన్నిటికంటే కష్టమైన శిక్షణ ఏమిటంటే, సమాధానం తెలిసి కూడా చెప్పకుండా ఉండటం. నీళ్లు చాలవని లెక్క స్పష్టంగా చూపుతున్నా ఒక రైతు వరి వేస్తానంటాడు. అప్పుడు నోరు జారి వద్దని అంటే, ఆ క్షణం నుంచి అది ఊరి లెక్క కాకుండా పథకం లెక్క అవుతుంది. పక్క రైతు, ‘నీ బావి, నా బావి ఒకే నీళ్లు గదా’ అని అడిగేదాకా ఓపిక పట్టాలి. ఆ ఓపికను ఉపన్యాసంతో నేర్పలేరు. రైతు నీటి పాఠశాలల్లో మేమంతా సీజన్ పొడవునా కూర్చుని నేర్చుకున్నదే.

చివరి ఆయకట్టు

నేను రైతును. మా సంఘంలో కొంతకాలం పనిచేశాను. అందరి మాటలూ గౌరవంతో చదివాను కానీ, ఒక విషయం గట్టిగానే చెప్పాలి.

సాగునీటి నిర్వహణను రైతుల సంఘాలకు అప్పగించే 1997 చట్టం వచ్చినప్పుడు ఉమ్మడి రాష్ట్రంలో పది వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఇంజినీర్లు, రైతులు కలిసి కాలువ వెంట నడవాలి, పనులు కలిసి గుర్తించాలి, లెక్కలు సభ్యుల ముందు పెట్టాలి అని అప్పట్లో శిక్షణలు ఇచ్చారు. కొన్నిచోట్ల నిజంగానే మంచి జరిగింది. కానీ కాలువ తల దగ్గర అనుమతి లేని గొట్టాలు, కట్ట కింద మోటార్లు ఉన్నంతకాలం చివరి భూములకు నీరు రాదు. వాటిని తీయించవలసింది ఇంజినీరు మాటల నేర్పు కాదు, అధికారం. ఆ అధికారం వాడబోతే ఫోను మోగుతుంది, ఇంజినీరు వెనక్కి తగ్గుతాడు. లేని నీటిని మాటలతో పారించలేరు. ఏఈ మాతో మర్యాదగా మాట్లాడాలని మేము కోరుకుంటాం. అయితే మర్యాదగా చెప్పినా, కసురుకుని చెప్పినా ‘నీళ్లు రావు’ అన్నదే జవాబైతే మా చేను ఎండిపోవడంలో తేడా ఏముంది? ఈ సాఫ్ట్ స్కిల్స్ మమ్మల్ని ఊరుకోబెట్టే విద్య కాకూడదు.

ఎడమ కాలువ

చివరి ఆయకట్టు గారి ఆవేదన న్యాయమైనది. నీరు పుష్కలంగా ఉన్న సంవత్సరం మనుషులతో పని చాలా తక్కువ. కొరత వచ్చినప్పుడే పంపకం మాట వస్తుంది. కొరత ఏడాదిలో కొన్ని రోజులు నీరిచ్చి కొన్ని రోజులు ఆపే ఆన్ అండ్ ఆఫ్ పద్ధతి నడిపినప్పుడు, వంతుల పట్టికను సీజన్ మొదట్లోనే ప్రతి తూము దగ్గరా గోడ మీద రాయించిన చోట గొడవలు తక్కువగా జరిగాయి. ఎందుకంటే పై రైతు వంతు తప్పి గేటు ఎత్తితే, గోడ మీది తేదీ చూపి నిలదీసే హక్కు కింది రైతుకు వచ్చింది. ఫోను మోగినప్పుడు కూడా, పట్టిక అందరి సంతకాలతో ఉందని చెప్పే ఆధారం ఏఈకి దొరికింది. అందరి ఎదుటా ఒక ఒప్పందాన్ని రాయించగలగడం అధికారానికి బలమిస్తుందే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించదు.

విద్యార్థులకు ఒక సూచన. కాలువను చూడటానికి వెళితే చివరి నుంచి తలకు నడవండి. తల నుంచి నడిస్తే సగం దూరంలోనే పొద్దు గూకుతుంది, చివరి భూములు ఎవరూ చూడరు.

ఫైనల్ ఇయర్ విద్యార్థిని

అందరూ పెద్దలు మాట్లాడుతున్న చోట నేను రాయవచ్చో లేదో తెలియదు. మా తరగతిలో నీటిరంగంలోకి వెళ్లాలని ఉన్నవాళ్లం చాలా తక్కువమంది. మిగతావాళ్లు కోడింగ్ నేర్చుకుంటున్నారు. మాకు శాఖలో చేరే దారి పోటీ పరీక్ష. ఆ పరీక్షలో అన్నీ ఆబ్జెక్టివ్ ప్రశ్నలే. మీరు చెబుతున్న నేర్పు ఎంత అవసరమైనదైనా, దాన్ని పరీక్షించని నియామకానికి సిద్ధమయ్యే విద్యార్థి ఎందుకు నేర్చుకుంటారు?

ఇంకొకటి. మేము ఇంటర్ నుంచి సాంకేతిక విషయమంతా ఇంగ్లీషులోనే చదివాం. ‘పర్కొలేషన్ నష్టం’ అంటే ఏమిటో తెలుగులో రెండు వాక్యాలు రాయమంటే మాకు చేతకాదు. రైతుకు నోటీసు రాయడం మాకు ఎవరూ నేర్పలేదు.

ప్రవాస నీటిపని

నేను అమెరికాలో మిడ్‌వెస్ట్ ప్రాంతంలోని ఒక నగర నీటి సరఫరా సంస్థలో పనిచేస్తున్నాను. చివరి ఆయకట్టు గారు అన్న ‘ఊరుకోబెట్టే విద్య’ అనే మాట నన్ను ఆలోచింపజేసింది. ఇక్కడ దానికి అందరికీ తెలిసిన ఉదాహరణ మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ నగరం.

2014 ఏప్రిల్‌లో ఆ నగరం డెట్రాయిట్ నుంచి తీసుకునే నీటిని మానేసి, ఫ్లింట్ నది నీటికి మారింది. పైపులు తుప్పు పట్టకుండా చేయవలసిన శుద్ధి చేయలేదు. పాత పైపుల్లోని సీసం తాగునీటిలో కలిసింది. ప్రజలు రంగు మారిన నీళ్లను సీసాల్లో పట్టి సమావేశాలకు తెచ్చి చూపించారు. నీరు సురక్షితమని అధికారులు చెబుతూ వచ్చారు. 2015లో పిల్లల వైద్యురాలు మోనా హన్నా-అటీషా పిల్లల రక్తంలో సీసం పెరిగిందని లెక్కలతో బయటపెట్టినప్పుడు కూడా మొదట కొట్టిపారేశారు. ఆ అక్టోబరులో నగరం తిరిగి డెట్రాయిట్ నీటికి మారింది.

అక్కడ చక్కగా మాట్లాడేవారికి కొరత లేదు. కరువైంది సీసాలోని నీళ్లను చూసి, మన లెక్కే తప్పేమో అని అనుమానించగల మనసు, ఆ అనుమానాన్ని పై అధికారికి రాతపూర్వకంగా చెప్పగల తెగువ. కాబట్టి మీ పాఠ్యాంశంలో ప్రజలకు చెప్పడం ఎంత ముఖ్యమో, ప్రజలు చెప్పినదాన్ని సంస్థలో పైకి చేరవేయడం అంత ముఖ్యంగా ఉండాలి. ఇక్కడ ప్రతి నీటి సంస్థా ఏటా జులై 1లోగా వినియోగదారులకు నీటి నాణ్యత నివేదిక ఇవ్వాలి. అలాంటి నివేదికను మామూలు పాఠకుడికి అర్థమయ్యేలా ఒక పేజీలో రాయించండి. విద్యార్థిని గారు అడిగిన తెలుగు రాత సమస్యకు అది మంచి అభ్యాసం కూడా.

శిక్షణ విభాగం

ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్లకు శిక్షణ ఇచ్చే వృత్తిలో నేను ఉన్నాను. కళాశాలలో ఎంత నేర్పినా, చేరిన మొదటి నెలలోనే పై అధికారి ఫోనులో అరిస్తే ఆ కుర్రాడు అదే స్వరాన్ని లస్కరు మీద, లస్కరు రైతు మీద ప్రయోగిస్తారు. కాబట్టి శాఖ మారకుండా విద్యార్థి ఒక్కడే మారితే చాలదు.

దీనికి పొరుగు రాష్ట్రంలో మంచి ప్రయత్నం జరిగింది. 2000 దశకం తొలినాళ్లలో, వరుస కరువుల తర్వాత, తమిళనాడు తాగునీటి సరఫరా, డ్రైనేజీ బోర్డు ఇంజినీర్లు ‘కూడం’ అనే పద్ధతిని తీసుకున్నారు. చీఫ్ ఇంజినీరు మొదలు కింది స్థాయి వరకు అందరూ వలయంగా కూర్చుంటారు. హోదాలు పక్కన పెట్టి, మన పని వల్ల ఊరికి నిజంగా నీళ్లు అందుతున్నాయా అని మాట్లాడుకుంటారు. ఆ తర్వాత గ్రామాలకు వెళ్లి అలాగే కూర్చున్నారు. కొత్త పథకం కట్టడమే పరిష్కారమన్న అలవాటు నుంచి, ఉన్నవాటిని బాగుచేసుకోవడం వైపు వారి ఆలోచన కొంత మళ్లింది. మన రాజేంద్రనగర్‌లోని వాలంతరి (నీరు, భూమి నిర్వహణలో శిక్షణ, పరిశోధన సంస్థ) వంటి సంస్థల్లో ఉద్యోగ ప్రవేశ శిక్షణకు దీన్ని జోడించాలని నా కోరిక. లస్కర్లనూ, ఏఈలనూ ఒకే గదిలో కూర్చోబెట్టే శిక్షణలు మనకు చాలా అరుదు.

తరగతి గదిలో చర్చల సాధన కోసం చెన్నై తాగునీటి ఒప్పందాన్ని తీసుకోవచ్చు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీల కృష్ణా జలాలు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. నష్టాలకు 3 పోను సరిహద్దు దగ్గర 12 టీఎంసీలు అందాలని లెక్క. ఆ నీరు రాయలసీమ, నెల్లూరు కరువు భూముల మీదుగా వెళ్లాలి. ఆ నీటిని తీసుకెళ్లే తెలుగుగంగ పథకం 1983లో మొదలైంది. విద్యార్థులను నాలుగు రాష్ట్రాలుగా విడదీసి, ఐదో జట్టుగా కాలువ వెంబడి రైతులను పెట్టండి. ఆ ఐదో జట్టును మరచిపోతే సాధన మొత్తం కాగితం మీది బేరంగా మిగులుతుంది.

సివిల్ అధ్యాపకుడు

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. చివరి ఆయకట్టు గారి అభ్యంతరాన్ని నేను పాఠ్యాంశం మధ్యలోనే పెట్టదలచుకున్నాను. నీళ్లు ఎందుకు రావడం లేదో, ఎవరు ఎక్కడ తీసుకుంటున్నారో తేల్చి చెప్పని మర్యాదకు మార్కులు ఉండవు.

నా ముసాయిదా ఇలా ఉంది. విద్యార్థులు చిన్న జట్లుగా ఒక మైనర్ కాలువను (పిల్లకాలువను) చివరి నుంచి తలకు నడుస్తారు. విన్నది విన్నట్టుగా రాసుకుంటారు. తమ అభిప్రాయం వేరే పేజీలో రాస్తారు. ఆ తర్వాత ఒక తడికి వచ్చే నీటి లెక్కను గ్రామంలో వివరిస్తారు. విన్న రైతులలో ఇద్దరు ముగ్గురిని ఆ లెక్కను తిరిగి చెప్పమని అడుగుతాం. ఎన్ని రోజులు, ఎంత మట్టం, బంద్ ఎప్పుడు అన్నవి వారు సరిగా చెప్పగలిగితేనే జట్టుకు మార్కులు. తెలుగులో ఒక పేజీ నోటీసు, ఒక అర్జీకి జవాబు, పై అధికారికి క్షేత్ర నివేదిక రాత భాగంగా ఉంటాయి.

విద్యార్థిని గారి ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నియామక పరీక్ష మన చేతిలో లేదు. అయితే ఈ కోర్సు గ్రేడ్ మార్కుల జాబితాలో మిగతావాటితో సమానంగా ఉండేలా చూడటం మన చేతిలో ఉంది. ఆ గ్రేడులో తూము దగ్గర పనిచేసే లస్కరు అభిప్రాయానికి కూడా కొంత వాటా ఇవ్వాలని ఉంది. దీనిపై మీరేమంటారు?

చివరి ఆయకట్టు

అలాగైతే మా ఊరికి రండి. రెండు షరతులు. కాలువలో నీళ్లు పారుతున్నప్పుడే రావాలి. ఎండాకాలం సెలవుల్లో వస్తే మీకు మట్టి తప్ప ఏమీ కనబడదు. రెండోది, రాసుకున్నది మాకు తిరిగి తెచ్చి చదివి వినిపించాలి. సర్వేల పేరుతో వచ్చి మా పేర్లు, ఎకరాలు రాసుకుని వెళ్లినవాళ్లలో మళ్లీ ముఖం చూపినవారు లేరు.

ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ

ఇద్దరు ముగ్గురు రైతులను తిరిగి చెప్పమని అడిగేటప్పుడు వారిలో ఒకరైనా మహిళ ఉండాలని ముందే రాయండి. పట్టా భర్త పేరు మీద ఉండటం వల్ల సంఘం జాబితాలో పేరు లేకపోయినా, రాత్రి వంతుకు మడవ కట్టేది, కలుపు తీసేది ఆమే. జాబితా చూసి పిలిస్తే ఆమె రాదు. విద్యార్థినులు వస్తారు కాబట్టి బస, మరుగుదొడ్డి విషయం గ్రామ సమాఖ్యతో ముందుగా మాట్లాడుకోండి. ఆ ఏర్పాటును కూడా విద్యార్థుల చేతనే చేయించండి.

ఎడమ కాలువ

లస్కరుకు మార్కులు వేసే కాగితం ఇవ్వకండి. పై అధికారులు ఎదురుగా ఉంటే అతడు అందరికీ పూర్తి మార్కులు వేస్తాడు. జట్టు ఒక రోజంతా అతడితో గేజి రిజిస్టరు రాయాలి. సాయంత్రం మీరు ఒక్కరే అతడితో టీ తాగుతూ, ఈ పిల్లల్లో రేపు ఎవరిని తోడు తీసుకెళ్తావు అని అడగండి. వాళ్ల పేర్లు మీరు రాసుకోండి. రిజిస్టరు నమూనా ఒకటి నా దగ్గర ఉంది. తేదీ, ఉదయం మట్టం, సాయంత్రం మట్టం, గేటు ఎత్తు, మార్చిన వేళ, ఎవరి కోరికపై మార్చారు అనే గడులు ఉంటాయి. చివరి గడి చాలా రిజిస్టర్లలో ఖాళీగా ఉంటుంది. దాన్ని నింపడం మీ విద్యార్థులకు మొదటి రోజే అలవాటు చేయండి.